అవ్వ నానబెట్టిన వెదురు చీర

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. మా అవ్వ సత్తవ్వ, అంటే బాపు తల్లి, నడింట్లో గోడకు ఆనుకొని కూర్చుంది. బాపు చిన్నయ్య చెరకు కొట్టే కూలికి పోకుండా ఆగి, ఉతికిన అంగీ వేసుకొని, ఎక్కడ నిలబడాలో తెలియక కాసేపు గడప దగ్గర, కాసేపు కిటికీ దగ్గర నిలబడుతున్నాడు. అమ్మ రేణుకమ్మ పొయ్యి మీద చాయ్ పెట్టింది. అమ్మ తమ్ముడు ఆత్మారాం మామ నిజామాబాద్ నుంచి వచ్చి, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వెంట వచ్చిన లతీఫ్ భాయ్ పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు. కెమెరాను మూడు కాళ్ల స్టాండు మీద బిగిస్తున్నాడు. నేను తలుపు చాటున ఉన్నాను. ఇంటికి ఎవరు వచ్చినా నా చోటు అదే. చాయ్ ఇవ్వాల్సి వస్తే బయటికి వస్తాను, ఇచ్చి మళ్లీ అక్కడికే పోతాను.

అవ్వ ముందు కత్తి ఉంది. దాన్ని కూడా ఇంట్లోవాళ్లలో చెప్పాలి.

మేము మేదరులం. బోధన్ నుంచి సాలూర పోయే తోవలో మా ఊరు. చుట్టూ చెరకు తోటలు, ఊరి చివర మా గల్లీ. వెదురు బొంగులు చీల్చి గంపలు, చాటలు, తడికలు అల్లుతాం. బొంగు చీల్చే ఆ కత్తి మా తాత తండ్రిది. పిడి ఎన్నోసార్లు మారింది, ఇనుము మారలేదు. మా ఇంట్లో దేవుడి మీద ఒట్టు పెట్టరు, కత్తి ముట్టుకొని చెబుతారు. వేల్పూర్ దిక్కు నుంచి పసుపు రైతులు గంపలకు వచ్చి, "సత్తవ్వా, ఉడికిన పసుపు పోస్తే ఆగుతదా?" అని అడిగేవాళ్లు. ఆగేదైతే అవ్వ కత్తి మీద చేయి పెట్టి "ఆగుతది" అనేది. ఆగదని అనుమానం ఉంటే "నీ నసీబు" అనేది, చేయి మాత్రం ఒళ్లోనే ఉండేది. రైతులకు ఆ సంగతి తెలుసు. గంపకంటే ముందు అవ్వ చేతిని చూసేవాళ్లు.

ఆ కత్తిని అత్త కోడలికి అప్పగిస్తుంది. వేరే ఇంటికి పోయే ఆడపిల్లలు ముట్టకూడదు. చిన్నప్పుడు నేను ఒకసారి పట్టుకోబోతే అవ్వ నా చేతి మీద కొట్టింది. "గది నీ చేతిది కాదు" అంది.

ఆత్మారాం మామ ఆ రోజు వచ్చింది బట్టల కంపెనీ ప్రకటన కోసం అవ్వతో కత్తి ముట్టించి ఒక మాట చెప్పించడానికి. "ఇది మా మేదరోళ్లు చేతులతో చీల్చిన వెదురుతోటి చేసిన బట్ట. దీనికి ఒక్క మందు చుక్క తగల్లేదు." ఇదే ఆ మాట. అది నిజం కాదని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అవ్వకు తెలియదు. తెలియకుండానే కత్తి ముట్టి అబద్ధం చెప్పబోతోంది.

దీని మొదలు అంతకు ముందటి ఆదివారం. అది 2007 చలికాలం, చెరకు కొట్టుడు జోరుగా సాగుతున్న రోజులు. మామ ఒక సంచి పట్టుకొని వచ్చాడు. మామ కూడా మేదరే. చిన్నప్పుడే బుట్టల పని వదిలి నిజామాబాద్ పోయి, బట్టల కంపెనీల తరఫున షాపులు తిరుగుతాడు. సంచిలోంచి పాలమీగడ రంగు చీర ఒకటి తీసి అవ్వ ఒళ్లో పెట్టాడు.

"అత్తమ్మా, ఇది ఏం బట్టనో చెప్పు సూద్దాం."

అవ్వ బొటనవేలితో రాసి చూసింది. "పట్టు."

"కాదు."

"మరేంది, పిల్లికూన బొచ్చా?"

"బొంగు. నువ్వు గంపలల్లే బొంగు."

అవ్వ చీరను పక్కకు పెట్టి మామ మొహం చూసింది. "పొద్దుగాల్నే తాగి వచ్చినవా?"

మామ తాగడు. కుర్చీ ముందుకు జరుపుకొని అన్నీ చెప్పాడు. పత్తికి ఎన్నిసార్లు మందు కొడతారు, బొంగుకు ఎవరైనా కొడతారా అన్నాడు. చెరకుకు ఏడాది పొడుగునా నీళ్లు కట్టాలి, దీనికి వాన చాలన్నాడు. "నరికితే మళ్ల పిలక లేస్తది బావా. దున్నుడు లేదు, నాటుడు లేదు, ఎరువు లేదు. భూమికి గింత మంచి బట్ట ఇంకోటి లేదు."

ఆ మాటల్లో తప్పేమీ లేదు. బాపు ఒక ఏడు ఆదిలాబాద్ దిక్కు పత్తికి మందు కొట్టే కూలికి పోయి, వాంతులు చేసుకుంటూ తిరిగొచ్చాడు. మా ఊళ్లో చెరకు తోటల బోర్లు రాత్రీ పగలూ నడిచి, ఎండాకాలం వచ్చేసరికి మా గల్లీ చేతిపంపు గాలి కొడుతుంది. వెదురు అలాంటిది కాదు. అది నాకు అప్పుడూ నిజమే అనిపించింది, ఇప్పుడూ నిజమే అంటాను.

"గని గట్టి బొంగు గింత మెత్తగ ఎట్ల అయింది?" అని అమ్మ అడిగింది.

మామ చెప్పేలోపే అవ్వ చెప్పింది. "చీలుస్తరు. ఇంక ఎట్లయితది? సన్నగ, ఇంకా సన్నగ. మా అత్త చీలిస్తే బద్ద సూది బెజ్జంల దూరేది."

మామ తల ఊపాడు. ఆయనకూ అంతకంటే తెలియదని ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

ఆ రోజు నుంచి అవ్వ వేరే మనిషైంది. గల్లీలో ఇల్లిల్లూ తిరిగి చీర చూపించింది. పెళ్లికి మా కొత్త చాటలు, గంపలు లేకపోతే పని నడవదు. కాని వాటిని తీసుకుపోతే వాకిట్లో దించి పొమ్మంటారు. అవ్వ ఎన్ని పెళ్లిళ్ల వాకిళ్లలో గంపలు దించిందో. "ఇగ సూడుండ్రి" అంటూ తిరిగింది. "మన బొంగును పెయికి చుట్టుకుంటరు. వాకిట్ల దించి పొమ్మంటరా ఇగ?" నిజామాబాద్ బస్టాండ్ ఎదురుగా పెద్ద బోర్డు పెడతారట, అందులో అవ్వ ఫోటో ఉంటుందట. మేదర పిల్లలకు ఊళ్లోనే ట్రైనింగ్ సెంటర్ వస్తుందట. సెంటర్ మాట విన్నప్పుడు బాపు తన అరచేతులు చూసుకున్నాడు. చెరకు ఆకు కోసిన గీతలు ఎండి, మళ్లీ తెగి, చేతులు మూసుకోవడం కూడా కష్టంగా ఉండేది ఆయనకు.

మరునాడు బడి విడిచాక మా సైన్సు సారు రాజారాం సైకిలు తాళం తీస్తుంటే నేను పక్కన పోయి నిలబడ్డాను. సారుతో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. హాజరు పలకడం తప్ప.

"ఏం గోదావరీ?"

"సార్, బొంగుతోటి బట్ట ఎట్ల చేస్తరు?"

సారు తాళం చేతిలో పట్టుకొని నా దిక్కు తిరిగాడు. "బట్ట గరుకుగుందా, మెత్తగుందా?"

"మెత్తగ సార్. మెరుస్తది."

"అయితే అది రేయాన్. మన పాఠంల ఉంది గద. ఏ కట్టెతోటైనా అదే పద్ధతి."

సారు చెప్పింది ఇది. వెదురును ముక్కలు చేసి, మందులతో ఉడికించి గుజ్జు చేస్తారు. గుజ్జును కాస్టిక్ సోడాలో నానబెడతారు. దాంట్లో కార్బన్ డైసల్ఫైడ్ అనే ఇంకో మందు కలిపి తేనెలాగా కరిగిస్తారు. ఆ తేనెను సన్నని బెజ్జాల్లోంచి ఆమ్లంలోకి వదిలితే దారమై గట్టిపడుతుంది. ఆ రెండో మందు గాలిని రోజూ పీలిస్తే పనివాళ్ల నరాలు చెడిపోతాయి. మిగిలిన నీళ్లను అట్లాగే వదిలితే వాగు చచ్చిపోతుంది. "అన్ని ఫ్యాక్టరీలు గట్ల చేస్తయని కాదు" అన్నాడు సారు. "మందును తిరిగి పట్టుకునేటివి, నీళ్లు సాఫ్ చేసేటివి ఉన్నయి. జనుములెక్క దంచి నార తీసే పద్ధతి కూడ ఉంది. అది గరుకుగుంటది, బజార్ల దొరుకుడు కష్టం. ఏది ఏడ చేసిండ్రో అడగాలె. బొంగు మంచిదని బట్ట మంచిదైపోదు."

కాస్టిక్ సోడా అంటే నాకు పాఠంకంటే ముందే తెలుసు. డ్వాక్రా సంఘంలో అమ్మవాళ్లకు సబ్బులు చేయడం నేర్పించినప్పుడు అది మా ఇంటికి వచ్చింది. ఒక్క చుక్క పడి అమ్మ మణికట్టు మీద రూపాయంత చర్మం ఊడింది. మిగిలిన నీళ్లు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. అమ్మ పెరట్లో కల్యామాకు చెట్టు, అదే కరివేపాకు చెట్టు మొదట్లో పారబోసింది. చెట్టు ఎండిపోయింది. ఆ చోట తర్వాత పెట్టిన మొక్క కూడా బతకలేదు.

ఇవన్నీ నేను ఇంట్లో చెప్పలేదు. చెప్పాలని రోజూ అనుకున్నాను. అవ్వ చీర మడత విప్పి, మళ్లీ మడత పెట్టి, ట్రంకుపెట్టెలో పెట్టుకోవడం చూసి ఆగిపోయాను.

వీడియో తీసే ముందు రోజు సాయంత్రం అవ్వ చీరను ట్రంకులోంచి తీసి పెరట్లో నీళ్ల గాబు దగ్గరికి పోయింది. గాబులో మరునాటి పనికి వెదురు బద్దలు నానుతున్నాయి. అవ్వ చీరను కూడా అందులోనే ముంచింది, పైన బరువుకు రాయి పెట్టింది.

"అవ్వా, చీరను ఎందుకు?" అన్నాను.

"బొంగేనాయె. ఎంత నానితే అంత లొంగుతది. పొద్దుగాల్ల తీస్తే మడతలు పోయి, గట్టిగైతది. రేపు కట్టుకోవద్దా?"

అవ్వ చేతుల్లో వెదురు ఏనాడూ అందుకు విరుద్ధంగా నడవలేదు. ఎండిన బద్ద విరుగుతుంది. నానిన బద్దను మోకాలి చుట్టూ తిప్పినా విరగదు. ఆ లెక్కనే చీరకూ వేసింది.

పొద్దున్నే గాబు దగ్గర చప్పుడు విని పోయాను. అవ్వ చీరను తీసి, బాపు పంచెను పిండినట్టు మెలేసి పిండింది. నడిమిట్లో చర్రున చీలింది. మళ్లీ విప్పి చూసి, ఇంకో చోట పట్టి లాగింది. అక్కడా చీలింది, తడిసిన కాగితంలాగా. అవ్వ అటూ ఇటూ చూసింది. నేను గోడ ఇవతల ఉన్నాను, కనబడలేదు. చీరను ఉండ చుట్టి, గోడ పక్కన ఉన్న బద్దల కట్ట కింద దాచింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడింది. మేనల్లుడి వరసవాడు నమ్మి ఇచ్చిన వస్తువును తానే పాడు చేశానని ఆమె అనుకుంది. ఆ చేతులు వెదురును పాడు చేయడం అదే మొదటిసారి.

అందుకే మామ వచ్చేసరికి అవ్వ పాత నేత చీరలోనే ఉంది.

"గా చీర కట్టుకోలేదేంది అత్తమ్మా?"

"దాసిపెట్టిన. పండుగకు కడుత."

"ఇంతకంటే పండుగ ఏముంది?"

"నీకు పండుగ. నాకు గంపలల్లే పని."

లతీఫ్ భాయ్ కెమెరాలోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "ఉండనీ భాయ్. పాత చీరనే మంచిగొస్తది. ముసలవ్వ అంటే పాత చీరల్నే జనం నమ్ముతరు."

మామ సంచిలోంచి ఇంకో గుడ్డ తీశాడు. అదే బట్ట, చున్నీ అంత ఉంది. అవ్వ ఒళ్లో పరిచి, పక్కన వెదురు బద్దలు పెట్టి, కత్తిని ఆమె చేతికి అందేటట్టు జరపమన్నాడు. తాను ముట్టుకోలేదు. మేదర ఇంట్లో పుట్టినవాడు కదా, ఇంకో ఇంటి కత్తిని ముట్టకూడదన్న మర్యాద ఆయనకు తెలుసు.

"బోధన్ల, నిజాంబాద్ల సత్తవ్వ కత్తి ముట్టి చెప్తే తిరుగు లేదు" అన్నాడు లతీఫ్ భాయ్‌తో. "మా కంపెనీ సారుకు గదే చెప్పిన. గా మాట ఆయనకు బాగ నచ్చింది. షురూ చేద్దామా?"

"కుర్చీ మీద కూసోని షురూ అంటే షురూ అయితదా? జర పక్కకు జరుగు, కెమెరాల నీ మోకాలు వస్తుంది" అన్నాడు లతీఫ్ భాయ్.

అమ్మ నవ్వింది. బాపు నవ్వలేదు. మామ కుర్చీ జరుపుకున్నాడు.

"చెప్పు అత్తమ్మా. నేను చెప్పినట్టు."

అవ్వ గొంతు సవరించుకుంది. ఒళ్లో ఉన్న గుడ్డ అంచును వేళ్లతో పట్టుకొని, వదిలింది. కుడిచేయి కత్తి దిక్కు కదిలింది.

"చెప్పొద్దవ్వా" అన్నాను.

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. అందరూ తలుపు దిక్కు తిరిగారు. నేను తలుపు చాటు నుంచి నడింట్లోకి వచ్చి నిలబడ్డాను. ఇంతమంది మధ్య నిలబడి మాట్లాడటం నాకు తెలియదు, అందుకే చెప్పాల్సింది ముందే చెప్పేశాను.

"అది చేతులతో చీల్చింది కాదు. బొంగును మందులల్ల కరిగించి దారం తీసిండ్రు. కాస్టిక్ సోడాల."

"ఏ సోడా?" అంది అవ్వ.

"అమ్మ చేయి కాల్చింది గద, గదే."

అమ్మ తన మణికట్టును ఇంకో చేత్తో కప్పుకుంది.

మామ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. కోపంతో కాదు, ఆశ్చర్యంతో. "నీకు నోరు ఎప్పుడొచ్చిందే? ఎవరు చెప్పిండ్రు నీకు?"

"రాజారాం సార్."

"గా సారు ఫ్యాక్టరీ సూసిండా?"

"నువ్వు సూసినవా మామా?"

లతీఫ్ భాయ్ దగ్గాడు. అది నవ్వని అందరికీ తెలిసింది. బాపు మాత్రం ముందుకొచ్చాడు. "పొల్ల పెద్దోళ్ల నడుమ మాట్లాడుడేంది? లోపలికి పో."

నేను లోపలికి పోలేదు. పెరట్లోకి పోయి బద్దల కట్ట కింది చీర ఉండను తెచ్చి అవ్వ ముందు విప్పాను. ఇంకా తడిగానే ఉంది. నడుమ రెండు పెద్ద చీలికలు.

అవ్వ చీర దిక్కు చూడలేదు, నా దిక్కు చూసింది. ఆ చూపు నేను మర్చిపోను.

"బద్దలతోటి గాబుల నానబెట్టింది" అన్నాను. "పిండితే చినిగింది. అవ్వ తప్పు లేదు. బొంగు నానితే చినుగుతదా? చినుగది. ఇది బొంగుగ ఉన్నంత సేపు గట్టిగుండె. కరిగించినంక ఇది బొంగు కాదు, అందుకే తడిస్తే బలం పోయింది."

"గాబుల నానబెట్టినవా?" అన్నాడు మామ. నవ్వాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు. "ఓ అత్తమ్మా, చీరను గాబుల, బొంగులతోటి? సూడు, మెల్లగ ఉతుకాలె దాన్ని. పిండుడు లేదు, నీడల ఆరెయ్యాలె. గట్ల చేస్తే ఏండ్లు ఆగుతది. మీ అమ్మ కట్టిన చీర కూడ గా జాతిదేనే పొల్లా, రేయాన్. దునియా అంత కడుతుండ్రు."

"కట్టనీ. రేయాన్ అని చెప్పి అమ్ము. అవ్వ చీల్చిందని ఎందుకు?"

మామ ఫోన్ తీశాడు. మా ఇంట్లో సిగ్నల్ రాదు. వాకిట్లోకి పోయి, చెరకు ట్రాక్టర్ పోయేదాకా చెవి మూసుకొని, గట్టిగా మాట్లాడాడు. "సార్, ఊరికే అడుగుతున్న సార్... ఏడ తయారైతది సార్?... నీళ్లు సార్, నీళ్లు..." మేమందరం లోపలి నుంచి వింటున్నాం. చాయ్ ఎవరూ ముట్టలేదు.

మామ తిరిగొచ్చి కుర్చీలో కూర్చోలేదు. "దారం బయటి దేశం నుంచి వస్తదట. ఏ ఫ్యాక్టరీనో సారుకు కూడ ఎరుక లేదట. నీళ్లయితే మన దిక్కు రావు గద అన్నడు."

"ఆడ కల్యామాకు చెట్లుండయా?" అన్నాను.

"మరి అది మన బొంగు కానే కాదన్నట్టు" అన్నాడు బాపు.

"ఇప్పుడు కాదు బావా. ముంగట మన దిక్కు ఫ్యాక్టరీ పెడ్తే మీరు తెచ్చుకునే ఫారెస్టు డిపో బొంగులు కూడ కొంటరట."

"డిపో బొంగులు ఫ్యాక్టరీకి పోతే మేమేం చీల్చాలె?"

"చీల్చుడెందుకు? నౌకరీ చేస్తవు."

"మందులు కరిగించే నౌకరీ" అన్నాను నేను.

బాపు నా మీదికి చేయి ఎత్తాడు. కొట్టలేదు, చేయి గాలిలోనే ఆగింది. అరచేతిలో చెరకు ఆకు గీతలన్నీ కనబడ్డాయి. ఆ చేయి దించి అవ్వ పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "అవ్వా, ఒక్క మాటనే గద. బోర్డు మీద రాసేటి మాట. ఎవడు అడుగుతడు? చెప్పు. ఇంకో ఏడు చెరుకు కొట్టుడు నా తోని కాదు."

బాపు చేతులు నాకు కనబడలేదని కాదు. కాని ఆ చేతుల కోసం ఇంకెవరి చేతులో కాస్టిక్‌లో పెట్టి, దాని మీద మా అవ్వ చేయి అడ్డం పెట్టడం నాకు ఒప్పు కాలేదు.

"నిజం చెప్పనీ మామా" అన్నాను. "బొంగు మంచిది. మందు అడగది, నీళ్లు ఎక్కువ అడగది, నరికితే మళ్ల మొలుస్తది. గది కత్తి ముట్టి చెప్పమను, చెప్తది. బట్ట ఎట్ల చేసిండ్రో, నీళ్లు ఏడ పోసిండ్రో మీ సారును చెప్పమను. ఆయన ఇంట్ల కత్తి లేకుంటే ఉట్టిగనే చెప్పమను."

"గట్ల చెప్తే ఎవడు కొంటడే?"

"కొననోళ్లు కొనరు."

లతీఫ్ భాయ్ కెమెరా మీద చేయి ఆనించి నిలబడ్డాడు. "నాకైతే అంత ఒకటే. నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా బ్యాటరీ గంతే అయితది. గని తొందరగ చెప్పుండ్రి, ఎండ పోతుంది."

అప్పుడు అవ్వ మాట్లాడింది. నాతోనే.

"పొద్దుగాల్ల నువ్వు సూసినవా, నేను గది దాసిపెట్టేది?"

"సూసిన."

"సూసి, నలుగుట్ల తెచ్చి పరిచినవు. నా పరువు దీసినవు గదనే."

"నీ పరువు తీసింది నేను కాదవ్వా. అది బొంగు అని చెప్పి నీ చేతికి ఇచ్చినోళ్లు."

"నోరు ముయ్యి" అంది అవ్వ. అరవలేదు. ఒళ్లో ఉన్న గుడ్డను మడత పెట్టింది, అంచు మీద అంచు సరిగ్గా. దాన్ని పక్కకు పెట్టిందో, మామకు తిరిగి ఇవ్వబోయిందో నాకు తెలియలేదు. బాపు ఇంకా "అవ్వా, చెప్పు" అంటూనే ఉన్నాడు. మామ లతీఫ్ భాయ్‌కి సైగ చేశాడు. కెమెరా మీద ఎర్ర చుక్క వెలిగింది. అవ్వ కుడిచేయి ఒళ్లోంచి లేచింది.

అది కత్తిని చేరేలోపు నేను కత్తి తీసుకున్నాను.

అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పిడి అవ్వ వేళ్లకు అరిగి ఉంది, నా వేళ్లు ఆ గుంతల్లో సరిపోలేదు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన భయపడింది కత్తికి కాదు, ఆడపిల్ల దాన్ని ముట్టిందని.

"కింద పెట్టు" అన్నాడు బాపు.

"పెట్ట."

"గోదావరీ, కింద పెట్టు అంటున్న."

"పెట్టను బాపు. ఇది లేకుంట చెప్పమను, ఏం చెప్తదో చెప్పనీ. ఇది ముట్టి మాత్రం చెప్పొద్దు."

నేను వెనక్కి నడుస్తూ గడప దాటి వాకిట్లోకి వచ్చాను. ఎండ కళ్లలో పడింది. గల్లీలో ఎదురింటివాళ్లు చాట అల్లడం ఆపి చూస్తున్నారు. నేను తల దించుకోలేదు. బాపు గడప దాకా వచ్చాడు, పట్టుకొని లోపలికి లాగడానికే.

"నువ్వుండు చిన్నయ్యా" అని లోపలి నుంచి అవ్వ గొంతు వినబడింది.

అవ్వ గోడ పట్టుకొని లేచి, మెల్లగా గడప దగ్గరికి వచ్చింది. బాపు పక్కకు జరిగాడు. అవ్వ వెనక లతీఫ్ భాయ్ కెమెరా, మామ మొహం, ఖాళీగా ఉన్న చాప కనబడుతున్నాయి. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా మొహం చూసింది. తర్వాత నా చేతిలోని కత్తిని చూసింది. అడుగుతుందని నేను పిడిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

అడగలేదు.

"పదును కిందికి పెట్టి పట్టుకో" అంది. "గట్ల పడ్తే చేయి తెగుతది."

కత్తిని నా దగ్గరే వదిలి, తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగి, నా మొహం మీదనే వేసేసింది.